మాస్టారి చేతికి రాని పని మన చేతికి ఎలా వస్తుంది?



పోస్టు పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, మధ్యలో మాత్రం వదిలేయొద్దు. మేం ఏడుగురం. పాడేరు ఏజెన్సీలో ఒకే ఆశ్రమ పాఠశాలలో పది దాకా చదివాం. ఇప్పుడు విశాఖలో హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నాం. కొందరం పాలిటెక్నిక్, కొందరం డిగ్రీ, ఒకరు ఐటీఐ. అందరి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. స్కూలు పేరు చెప్పం. ఎందుకంటే ఇది ఒక్క స్కూలు సంగతి కాదు, చదివాక మీరే "మాదీ ఇంతే" అంటారని మాకు తెలుసు.

ముందు ఒక ఫ్యాను కథ.

అబ్బాయిల డార్మెటరీలో ఆరు ఫ్యాన్లు ఉండేవి. మేం తొమ్మిదికి వచ్చేసరికి అందులో నాలుగు తిరగవు. స్విచ్ వేస్తే మూలుగుతాయి, అంతే. చీపురు కర్రతో రెక్కని ఒక్క తోపు తోస్తే అప్పుడు మెల్లగా అందుకుంటాయి. రోజూ రాత్రి పడుకునే ముందు మాలో పొడుగ్గా ఉన్నవాడి డ్యూటీ అదే. రాత్రి కరెంటు పోయి వస్తే మళ్ళీ లేవాలి, మళ్ళీ తొయ్యాలి. రెండేళ్ళు అలాగే తోసుకుంటూ చదివాం.

అదే రెండేళ్ళు, అదే ఆవరణలో, మేం ఒకేషనల్ సబ్జెక్టుగా ఎలక్ట్రానిక్స్ చదివాం. ఇళ్ళల్లో వాడే కరెంటు సామాన్లు బాగుచేసే ఫీల్డ్ టెక్నీషియన్ కోర్సు అది. పరీక్ష రాశాం, పాసయ్యాం, సర్టిఫికెట్టు కూడా ఉంది. పెట్టెలో పెట్టుకున్నాం.

ఆ ఫ్యాన్లలో పోయింది కెపాసిటర్. ఫ్యాను పై కప్పులో రెండు వైర్లతో వేలాడే చిన్న డబ్బా. 2.5 మైక్రోఫారడ్ అని దాని మీదే రాసి ఉంటుంది. యాభై అరవై రూపాయలు. ఫ్యాను మొదట కదలడానికి కావలసిన తోపు ఇచ్చేది అదే. అంటే రెండేళ్ళపాటు మేం చీపురు కర్రతో చేసింది ఆ డబ్బా పని. మెయిన్ ఆపి, పాతది విప్పి, కొత్తది కలిపితే పది నిమిషాల్లో అయిపోతుంది. ఈ సంగతి మాకు పాలిటెక్నిక్‌కి వచ్చాక తెలిసింది. తెలిసిన రోజు రాత్రి హాస్టల్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు.

ఎందుకు తెలియలేదు మాకు? ల్యాబ్ లేకనా?

ల్యాబ్ ఉంది. అబద్ధం ఆడకూడదు. గది ఉంది, గోడల మీద రంగుల చార్టులున్నాయి, ఇనప బీరువా నిండా సామాను ఉంది. మల్టీమీటర్లు, సోల్డరింగ్ ఐరన్లు, స్క్రూడ్రైవర్ సెట్లు, ఒక మిక్సీ, ఒక ఇస్త్రీ పెట్టె. బీరువాకి తాళం. తాళంచెవి హెచ్చెం గారి గదిలో. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే సామాను తీసి బల్లల మీద వరసగా పేర్చేవాళ్ళం. సాయంత్రం తుడిచి మళ్ళీ లోపల పెట్టేవాళ్ళం. ఆ మల్టీమీటర్లతో రెండేళ్ళలో మేం చేసిన పని తుడవడం ఒక్కటే.

రికార్డు మాత్రం చూడముచ్చటగా ఉండేది. మల్టీమీటర్ బొమ్మ స్కేలు పెట్టి వేశాం. సాధనాలు, పద్ధతి, పరిశీలన, ఫలితం అన్నీ రాశాం. ఫలితం బోర్డు మీద చూసి రాశాం. ప్రాక్టికల్ పరీక్షకి వచ్చిన సారు బొమ్మ మీద వేలు పెట్టి "ఇదేంటి?" అన్నారు. చెప్పాం. మార్కులు పడ్డాయి.

దాని ఫలితం కాలేజీలో తెలిసింది. మొదటి ఏడాది వర్క్‌షాప్ పీరియడ్. ఒక బల్బు, ఒక స్విచ్, చెక్క బోర్డు మీద వైరింగ్ చెయ్యాలి. "స్కూల్లో ఒకేషనల్ చదివినవాళ్ళు ఉన్నారా?" అని సారు అడిగారు. మేం గర్వంగా చేతులెత్తాం. "అయితే మీరే ముందు చేసి చూపించండి" అన్నారు. డయాగ్రామ్ మాకు కంఠతా వచ్చు. ఫేజ్ స్విచ్‌కి పోవాలి, న్యూట్రల్ బల్బుకి పోవాలి, అంతా తెలుసు. వైరు తోలు ఎలా ఒలవాలో తెలీదు. మా వాడొకడు పంటితో లాగాడు. క్లాసంతా నవ్వు. వెనక నుంచి ఎవరో "ఏజెన్సీ బ్యాచ్ కదా" అన్నారు.

వాడు రెండో నెలలోనే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఫీజు కట్టలేక కాదు, చదువు రాక కాదు. లెక్కల్లో మా అందరికంటే వాడే ముందు. ఆ నవ్వు తట్టుకోలేక వెళ్ళాడు. మేం మొదట ఎనిమిది మందిమి. ఇప్పుడు ఏడుగురం.

వాడు బెంగళూరులో అపార్టుమెంట్లు కట్టే చోట వైరింగ్ పనికి హెల్పర్‌గా చేరాడు. నాలుగు నెలల తర్వాత ఫోన్ చేశాడు. "ఒరే, ఇక్కడ మేస్త్రీ మొదటి రోజే స్ట్రిప్పర్ చేతికిచ్చాడ్రా. పాడైతే పాడవనీ, వైరు ముక్కే కదా అన్నాడు. ఇప్పుడు స్విచ్ బోర్డు మొత్తం నేనే కడుతున్నా" అన్నాడు. వాడి గొంతులో సంతోషం విని మాకు సంతోషమేసింది. ఫోన్ పెట్టేశాక కోపమొచ్చింది.

ఆలోచించండి. ఏ పట్టా లేని మేస్త్రీ చేసిన పని రెండేళ్ళ కోర్సు ఎందుకు చెయ్యలేకపోయింది? ఆ మేస్త్రీ దగ్గర రెండున్నాయి. ఒకటి, పని ఆయన చేతికి వచ్చు. రెండు, పిల్లాడు పాడుచేస్తే ఏమవుతుందోనన్న భయం లేదు. మా మాస్టారి దగ్గర ఈ రెండూ లేవు. మాస్టారికి ఈ రెండూ ఇవ్వాల్సింది ఎవరు? టీచర్ల ట్రైనింగే ఇవ్వాలి. అసలు ఆ ట్రైనింగుకి వర్క్‌షాప్ అని పేరు పెట్టుకున్నది అందుకే. మేం ఈ పోస్టు రాస్తున్నది ఆ వర్క్‌షాప్ మీదే.

నిజం చెప్పాలంటే మొదట మేం కూడా మాస్టారినే తిట్టుకున్నాం. జీతం తీసుకుని బొమ్మలు గీయించాడు అనుకున్నాం. ఒకసారి దసరా సెలవులకి ఊరెళ్తుంటే పాడేరు బస్టాండులో ఆయనే కనిపించారు. మమ్మల్ని గుర్తుపట్టి టీ ఇప్పించారు. ఉండబట్టలేక అడిగేశాం. "సార్, ఆ బీరువా ఎందుకు తియ్యలేదు?"

ఆయన కాసేపు టీ గ్లాసు వంకే చూశారు. తర్వాత చెప్పారు. "ఏం చెప్పమంటారు బాబూ. నేను చదివింది పుస్తకమే. నన్ను పెట్టింది ఏజెన్సీ కాంట్రాక్టు కింద, జీతం ఏ నెలది ఏ నెలకి వస్తుందో తెలీదు. ట్రైనింగుకి పిలిచారు, వెళ్ళాను. హాలు నిండా జనం, ముందు బల్ల మీద ఒక్క కిట్టు. ముందు వరసవాళ్ళు చూశారు. నేను వెనక నుంచి ఫోన్లో ఫోటో తీసుకున్నాను. మిగతాదంతా స్క్రీను మీద బొమ్మలు. చివరి రోజు సర్టిఫికెట్టు, గ్రూపు ఫోటో. ఇక్కడికొచ్చి బీరువా తీసి ఏదైనా కాలిపోతే స్టాక్ రిజిస్టర్లో నా పేరే ఉంటుంది, రికవరీ నా జీతంలోంచే. మీ ముందు 'నాకూ రాదు' అనడానికి సిగ్గేసింది. అందుకే బొమ్మ గీయించాను. తప్పే."

మాకు నోట మాట రాలేదు. మమ్మల్ని చూసి క్లాసు నవ్వింది కదా, ఆ నవ్వుకే ఆయన కూడా భయపడుతున్నారు. ఆయన మా ముందు, మేం క్లాసు ముందు. ఒకటే గొలుసు.

కాబట్టి మిత్రులారా, "టీచర్లు పనిచెయ్యరు" అన్న మాట దగ్గరే ఆగిపోవద్దు. ఆ మాటతో పైవాళ్ళు తప్పించుకుంటారు. "ఏజెన్సీ పిల్లలకి టెక్నాలజీ ఎక్కదు" అన్న మాటని అసలు ఒప్పుకోవద్దు. బెంగళూరులో మా వాడి చేతులు కొత్తగా మొలవలేదు. మన ఊళ్ళల్లో కమ్మరి తాత కొలిమి దగ్గర మనవడికి గొడ్డలి కాచడం ఎలా నేర్పుతాడు? తిత్తి వాడి చేతికిస్తాడు. ఇనుము ఏ రంగుకి వచ్చాక నీళ్ళల్లో ముంచాలో వాడి కంటికే అలవాటు చేస్తాడు. మొదటి నాలుగు పాడవుతాయి, ఐదోది నిలబడుతుంది. బొమ్మ గీయించి సంతకం పెట్టిన కమ్మరి తాతని ఎవరైనా చూశారా?

ఇప్పుడు ఈ వర్క్‌షాపులు ఎలా జరుగుతాయో చూడండి. మాకు పాలిటెక్నిక్‌లో వర్క్‌షాప్ అంటే షెడ్డు. వైస్‌లు, ఆకురాళ్ళు, నూనె వాసన, చేతికి మసి. టీచర్లకి వర్క్‌షాప్ అంటే హాలు. ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, స్క్రీను, భోజనం, అటెండెన్స్ సంతకం. పేరు ఒకటే, లోపల పని మాత్రం లేదు. చేతికి మసి అంటకుండా ఇంటికెళ్ళిన వర్క్‌షాపుని వర్క్‌షాప్ అనడం మానేద్దాం. మీటింగ్ అందాం.

బీఈడీ చదువుతున్న మా సీనియర్ అక్క ఒక సంగతి చెప్పింది. అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అని ఇద్దరు పరిశోధకులు 1980 నుంచి ఇదే విషయం రాస్తూ వచ్చారట. టీచరుకి విషయం వివరించి, చేసి చూపించి పంపేస్తే, అది తరగతి గది దాకా చేరేది చాలా తక్కువ. టీచరు స్వయంగా చెయ్యాలి, తప్పులు ఎవరైనా చూసి దిద్దాలి, తిరిగి స్కూలుకి వెళ్ళాక కూడా పక్కన ఒకరుండి సాయం చెయ్యాలి. అప్పుడే అది పిల్లల దాకా వస్తుంది. నలభై ఏళ్ళ కిందటి మాట ఇది. మన కమ్మరి తాతకి అంతకంటే ముందే తెలుసు. తెలియనిది ట్రైనింగు షెడ్యూలు వేసేవాళ్ళకే.

డబ్బు లేదనకండి. కాగితాల మీద బోలెడు ఉంది. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిలో ఎదిగే శిక్షణ తీసుకోవాలంది. 2025 కల్లా కనీసం సగం మంది విద్యార్థులకి వృత్తి విద్య పరిచయం కావాలని కూడా అదే రాసింది. 2025 మే నెలలో కేంద్ర క్యాబినెట్ ఐటీఐల ఆధునీకరణకి 60,000 కోట్ల పథకం ఒప్పుకుంది. 1,000 ప్రభుత్వ ఐటీఐలు, 50,000 మంది శిక్షకులకి శిక్షణ అని అందులో ఉంది. పీఎం-సేతు అన్నది అదే.

మంచిదే. మేం వద్దనడం లేదు. కానీ 50 గంటలు దేనితో నిండుతాయి అన్నదే మా ప్రశ్న. ఫోన్లో వీడియో నడుస్తుంటే పక్కన వంట చేసుకున్నా గంట గంటే. హాల్లో వెనక బెంచీలో కునికినా గంట గంటే. సర్టిఫికెట్టు మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. 50,000 మందికి శిక్షణ ఇచ్చాం అని రేపు రిపోర్టు వస్తుంది. ఆ 50,000 మందిలో ఎంతమంది మిషను విప్పి మళ్ళీ బిగించారు అన్న గడి ఆ రిపోర్టులో ఉంటుందా? ఆ గడి ఉండేదాకా మన బీరువాల తాళాలు రావు.

"చెప్పడం తేలికే, ఎక్కడైనా జరిగిందా?" అంటారేమో. జరిగింది. మన దేశంలోనే, పల్లెటూళ్ళల్లోనే.

మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మిడిల్ స్కూళ్ళల్లో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు మొదలుపెట్టాయి, తర్వాత ఏకలవ్య సంస్థ నడిపింది. అక్కడ టీచర్లు వేసవి శిక్షణకి వచ్చి పిల్లల్లాగే గుంపులుగా కూర్చుని ప్రతి ప్రయోగం తమ చేత్తో చేసేవాళ్ళు. ఏడాది పొడుగునా నెలనెలా కలుసుకుని క్లాసులో ఎక్కడ తట్టుకున్నామో మాట్లాడుకునేవాళ్ళు. కిట్టు చవకైన సామానుతో, దగ్గర్లో దొరికేవాటితో. పిల్లలు పాడుచేస్తారన్న భయంతో బీరువాలో దాచే రకం కాదది. 2002లో ప్రభుత్వం ఆపేసేనాటికి అది వెయ్యి స్కూళ్ళ దాకా పాకింది. పనికిరాక ఆగలేదు, ఆపితే ఆగింది.

పుణె దగ్గర పాబళ్ అనే ఊళ్ళో 1983లో డాక్టర్ కల్‌బాగ్ విజ్ఞాన్ ఆశ్రమ్ పెట్టారు. స్కూలు పిల్లలకి మౌలిక సాంకేతిక విద్య అక్కడ నాలుగు భాగాలు: ఇంజనీరింగ్ పని, కరెంటు పర్యావరణం, వ్యవసాయం పశువులు, ఇల్లు ఆరోగ్యం. వెల్డింగ్, వైరింగ్, మట్టి పరీక్ష, రక్తం గ్రూపు చూడడం, అన్నీ పిల్లల చేతులతోనే. నేర్పేవాళ్ళల్లో ఊళ్ళో పని చేతికొచ్చినవాళ్ళు ఉంటారు. పిల్లలు చేసిన పని ఊరికి పనికొస్తుంది. పల్లెలో ఇది కుదరదన్నవాళ్ళకి పాబళ్ జవాబు.

ఇక మామూలుగా వినిపించే అడ్డు మాటలకి వద్దాం.

ఒకటి, "ఖరీదైన సామాను, పాడైతే ఎవరు బాధ్యత?" అన్నా, వాడితే పాడైంది రిపేరు చేసుకోవచ్చు. వాడకుండా మూలపడితే పాడైంది ఎవరికీ కనపడదు, అంతే తేడా. మా బీరువాలో మల్టీమీటర్ల బ్యాటరీలు లోపలే కారిపోయి పచ్చగా పట్టాయి. అది నష్టం కాదా? దానికి రికవరీ ఎవరి జీతంలో పెట్టారు? నేర్చుకునేటప్పుడు పాడైనదాన్ని పాడైందని రాసుకునే వీలు రిజిస్టర్లోనే ఉండాలి. కాలిన ఫ్యూజు, విరిగిన డ్రిల్ బిట్టు నేర్చుకున్నారనడానికి సాక్ష్యం.

రెండు, "ఏజెన్సీలో కరెంటు ఉండదు, సిగ్నల్ ఉండదు." సిగ్నల్ లేకపోతే వీడియో ట్రైనింగు ఆగుతుంది గానీ చేతిపని ఆగదు. మిక్సీ విప్పడానికి కరెంటు అక్కర్లేదు, ఆపి ఉంటేనే విప్పాలి. కార్బన్ బ్రష్ అరిగిందో లేదో కంటితోనే తెలుస్తుంది. వైరు తెగిందో లేదో మల్టీమీటర్‌లో చిన్న బ్యాటరీ ఉంటే చాలు. అసలు కరెంటు సరిగ్గా ఉండని చోటే కదా కరెంటు పని వచ్చినవాడు ఎక్కువ కావాలి!

మూడు, "ట్రైనింగు ఇచ్చినా వాళ్ళు కాంట్రాక్టువాళ్ళు, మానేసి పోతారు." ఇది నిజం. దీన్ని ఒప్పుకుంటాం. కానీ ఇది ట్రైనింగు మానేయడానికి కారణం కాదు, వాళ్ళని నిలబెట్టడానికి కారణం. నెలల తరబడి జీతం ఆపితే ఎవరైనా పోతారు. ఏజెన్సీ స్కూళ్ళల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న 2000 నాటి జీవో నంబరు 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ పోరాటం మనందరికీ తెలుసు, అది వేరే నడుస్తుంది. ఇక్కడ మేం చెప్పేది దానికి ఆనుకుని ఉన్న మాట. పని నేర్చిన మనిషి మన మండలంవాడైతే, కువి, ఒడియా, తెలుగు ఏది కావాలంటే అది మాట్లాడగలిగితే, నేర్చిన పని కొండ దిగిపోదు.

నాలుగు, "ఆడపిల్లలకి ఈ వైరింగులు ఎందుకు?" మాలో ముగ్గురు అమ్మాయిలున్నారు, ఈ జవాబు వాళ్ళు రాయమన్నారు. ఇన్‌స్పెక్షన్ రోజు సామాను పేర్చేటప్పుడు కూడా వాళ్ళ చేతికి చార్టులే ఇచ్చారు, మల్టీమీటర్ అబ్బాయిలకి. వాళ్ళ డార్మెటరీలో ఫ్యాన్లు తోసింది మాత్రం వాళ్ళే. ట్రైనింగు హాల్లో లేడీ టీచర్లని వెనక వరసలో కూర్చోబెడితే, తరగతిలో ఆడపిల్లలు వెనక వరసలోనే ఉంటారు.

ఇప్పుడు మా మాట ఎందుకు నమ్మాలంటారా? పోయిన వేసవికి ముందు మేం నలుగురం మా స్కూలుకి వెళ్ళాం. తలా కొంచెం వేసుకుని ఆరు కెపాసిటర్లు, రెండు టెస్టర్లు, ఒక స్ట్రిప్పర్ కొన్నాం. హెచ్చెం గారిని అడిగితే మొదట వద్దన్నారు, తర్వాత "మెయిన్ ఆపండి, నేను ఇక్కడే ఉంటా" అన్నారు. ఒకేషనల్ సారు అప్పటికి ఇంకా అక్కడే ఉన్నారు. మొదటి ఫ్యాను మేం చెయ్యలేదు. ఆయన్నే నిచ్చెన ఎక్కమన్నాం. ఆయన చేతులు వణికాయి. మేం కింద నుంచి చెప్తుంటే పాతది విప్పి కొత్తది కలిపారు. దిగి స్విచ్ వేశారు. తిరిగింది. కర్ర లేకుండా తిరిగింది.

రెండో ఫ్యాను తొమ్మిదో తరగతి పిల్లలు చేశారు, ఆయన నిచ్చెన పట్టుకుని చెప్పారు. మూడోది మాకు చెప్పే పని కూడా లేకపోయింది. పక్క వారం ఆయనే ఫోన్ చేసి, "తాళంచెవి అడిగి తీసుకున్నానర్రా, మిక్సీ విప్పించాను" అన్నారు.

ఒక్క పూట. అన్ని రోజుల హాలు ట్రైనింగు ఇవ్వనిది ఒక్క పూట నిచ్చెన ఇచ్చింది. అలాగని "అయితే మీరే చెయ్యండి, సర్కారెందుకు" అనకండి. మాకు వచ్చింది ఫ్యానూ వైరింగే. మేం ఏడాదికోసారి వస్తాం. జీతాలిచ్చి, నిధులు తెచ్చి, పద్ధతి ప్రకారం చెయ్యాల్సిన పనిని పిల్లల చందాలతో నడపమనడం ఇంకో అన్యాయం. మేం చూపించింది దారి మాత్రమే.

అందుకే మేం అడుగుతున్నవి ఇవి. గ్రూపులో ఉన్నవాళ్ళు కలపాల్సింది కలపండి, తప్పుంటే దిద్దండి.

1. ఒకేషనల్ టీచర్ల, ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణలో సగానికి పైగా సమయం చేతిపనికే ఉండాలి. ఇద్దరికి ఒక కిట్టు. హాలు నిండా జనానికి ఒక కిట్టు అంటే ఆ ట్రైనింగు లెక్కలోకి రాకూడదు.

2. టీచరు స్కూల్లో ఏ సామాను వాడాలో ఆ సామాను మీదే శిక్షణ. ఇంకెక్కడో ఉన్న కొత్త మోడల్ మీద నేర్పి, ఇక్కడ పాతది ఇస్తే లాభం లేదు.

3. శిక్షణ ఐటీడీఏ పరిధిలోనే, మన ఐటీఐల, పాలిటెక్నిక్‌ల షెడ్లలో జరగాలి. సంతలో మోటారు వైండింగ్ చేసే మేస్త్రీని, ఊరి కమ్మరిని నేర్పేవాళ్ళుగా పిలిచి రోజుకూలి ఇవ్వాలి. చిన్నపిల్లలున్న లేడీ టీచర్లకి ఉండే చోటు, ప్రయాణం చూసుకోవాలి.

4. ట్రైనింగు అయ్యాక మూడు నెలల్లో నేర్పినవాళ్ళు ఒక్కసారైనా స్కూలుకి రావాలి. నెలకోసారి మండలంలో ఒకేషనల్ టీచర్లు కలవాలి.

5. నేర్చుకునేటప్పుడు పాడైన సామానుకి రికవరీ లేదని రాతపూర్వకంగా ఇవ్వాలి. దారం, సీసం, వైరు, ఫ్యూజుల్లాంటి ఖర్చయ్యే సామానుకి ఏటా డబ్బు రావాలి.

6. పిల్లల ప్రాక్టికల్ పరీక్షలో బొమ్మ చూపించి అడగడం ఆపాలి. పని చేయించి మార్కులెయ్యాలి. అప్పుడు పైనుంచి కింద దాకా అందరికీ పని నేర్చుకోక తప్పదు.

వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న గంటల్ని, ఉన్న డబ్బుని హాల్లోంచి షెడ్డులోకి మార్చమంటున్నాం, అంతే.

మనం చెయ్యగలిగింది కూడా ఒకటుంది. సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ పాత స్కూలుకి వెళ్ళండి. గొడవకి కాదు. బీరువా తాళం ఎవరి దగ్గరుందో అడగండి. లోపల ఏముందో రాసుకోండి. మాస్టారిని విడిగా కూర్చోబెట్టి, "సార్, మీ ట్రైనింగులో మీ చేత్తో ఏం చేశారు?" అని మర్యాదగా అడగండి. వచ్చిన జవాబు పేర్లు లేకుండా ఇక్కడ రాయండి. అన్నీ కలిపి ఐటీడీఏ పీవో గారికి అర్జీ పెడదాం. మన మాటలు ఒక్కో పోస్టుగా ఉంటే కథలు, వంద కలిస్తే లెక్క.

బెంగళూరులో ఉన్న మా ఎనిమిదోవాడికి ఈ పోస్టు పెట్టేముందు చదివి వినిపించాం. అంతా విని, "నా గురించి రాసింది ఉంచండి. పంటితో లాగానని కూడా ఉంచండి. మన తమ్ముళ్ళు ఎవరూ లాగకూడదు" అన్నాడు. అందుకే ఉంచాం.

జై ఆదివాసీ.

— ఏడుగురం, ఎనిమిదోవాడి తరఫున కూడా